సీసాలోకి చేరిన నెత్తురు

ఒంట్లోంచి బయటపడిన రక్తం అయిదు నుంచి పది నిమిషాల్లో గడ్డకడుతుంది. గాయపడ్డ మనిషిని బతికించేది ఆ గుణమే. ఒకరి రక్తాన్ని మరొకరికి ఎక్కించాలన్న ప్రయత్నాన్ని రెండున్నర శతాబ్దాల పాటు అడ్డుకున్నదీ అదే. గడ్డకట్టకుండా ఆపే ఉపాయం 1914లో దొరికేదాకా ఇచ్చేవారూ పుచ్చుకునేవారూ ఒకే గదిలో, పక్కపక్కన ఉండవలసి వచ్చేది. ఆ తరవాతే రక్తం సీసాలోకి చేరింది. సీసాలోంచి ప్లాస్టిక్ సంచిలోకి మారి, అక్కడ భాగాలుగా విడిపోయింది. దాతకూ రోగికీ మధ్య దూరం పెరిగేకొద్దీ రక్తం ఇచ్చే ఆచారమూ రూపు మార్చుకుంది. కళ్ళెదుట ఉన్న ఆప్తుడికి ఇచ్చేది, ముఖం తెలియని వారికి ఇచ్చేదయింది. మధ్యలో కొన్ని దశాబ్దాలు పేదవాడు అమ్ముకునే సరుకు కూడా అయింది.

పాతకాలపు వైద్యానికి రక్తం ఎక్కించడం తెలియదు, తీయడమే తెలుసు. సుశ్రుత సంహితలో జలగలతో రక్తం తీయించే పద్ధతికి ఒక అధ్యాయమే ఉంది. యూరప్‌లో 2వ శతాబ్దపు వైద్యుడు గాలెన్ మాట పదిహేను వందల ఏళ్ళు చెల్లింది. తిన్న అన్నం కాలేయంలో రక్తంగా మారుతుందనీ, అది అవయవాలకు చేరి అక్కడే ఖర్చయిపోతుందనీ ఆయన సిద్ధాంతం. లండన్ వైద్యుడు విలియం హార్వే దీన్ని లెక్కతో కొట్టేశాడు. గుండె ఒక్కో కొట్టుకు ఎంత రక్తం నెడుతుందో అంచనా కట్టి, అరగంటలో నెట్టే మొత్తం ఒంట్లో ఉన్న రక్తం కంటే ఎక్కువ అవుతుందని చూపించాడు. అంత రక్తం తిండిలోంచి పుట్టడం అసాధ్యం కాబట్టి, ఉన్న రక్తమే మళ్ళీ మళ్ళీ తిరుగుతూ ఉండాలి. ఈ మాట చెప్పిన ఆయన పుస్తకం 1628లో వచ్చింది.

రక్తం తిరుగుతుందని తెలిశాక, ఒకచోట ఎక్కించింది ఒళ్ళంతా చేరుతుందన్న ఆలోచన సహజంగానే వచ్చింది. 1660ల నడుమ ఆక్స్‌ఫర్డ్‌లో రిచర్డ్ లోయర్ ఒక కుక్క రక్తాన్ని చచ్చేంతగా తీసేసి, మరో కుక్క ధమని నుంచి గొట్టం ద్వారా రక్తం ఎక్కించి దాన్ని లేపి నిలబెట్టాడు. 1667 జూన్‌లో పారిస్ వైద్యుడు జాన్ బాటిస్ట్ డెనీ, జ్వరంతో నీరసించిన పదిహేనేళ్ళ కుర్రవాడికి గొర్రెపిల్ల రక్తం ఎక్కించాడు. కుర్రవాడు బతికాడు. సాధుజంతువు రక్తం మనిషి ఆవేశాన్ని చల్లారుస్తుందని ఆ కాలంలో నమ్మేవారు. ఆ నమ్మకంతోనే డెనీ, మతి చలించిన ఆంత్వాన్ మోర్వా అనే వ్యక్తికి దూడ రక్తం ఎక్కించాడు. రెండోసారి ఎక్కించినప్పుడు ఆ మనిషి చేయి మంటెత్తింది, నడుము నొప్పితో విలవిల్లాడాడు, మర్నాడు నల్లటి మూత్రం పోశాడు. మరో ప్రయత్నం తరవాత చనిపోయాడు. భార్య విషం పెట్టిందని విచారణలో తేలి డెనీ బయటపడ్డాడు కానీ, పారిస్ వైద్య విద్యాపీఠం అనుమతి లేనిదే ఎవరికీ రక్తం ఎక్కించరాదని 1668లో కోర్టు ఆజ్ఞాపించింది. ఆ పని నూట యాభై ఏళ్ళ పాటు మూలపడింది.

మోర్వా లక్షణాలను డెనీ శ్రద్ధగా రాసిపెట్టాడు. అది వైద్యచరిత్రలో చాలా విలువైన రాత. ఇప్పటి వైద్యుడెవరైనా ఆ పేరా చదివితే ఏం జరిగిందో చెప్పగలడు. రోగి రక్తంలోని ప్రతిరక్షకాలు దూడ ఎర్ర కణాలను పగలగొట్టాయి. పగిలిన కణాల్లోంచి బయటికొచ్చిన హీమోగ్లోబిన్ మూత్రపిండాల మీదుగా పోతూ మూత్రాన్ని నల్లబరిచింది. డెనీ కాలానికి హీమోగ్లోబిన్ తెలియదు, ప్రతిరక్షకాలూ తెలియవు. రక్తం ఒక్కటే పదార్థమని అనుకున్నంతకాలం తప్పెక్కడుందో పట్టుకునే దారి లేదు.

రక్తం ఎక్కించే పనిని మళ్ళీ తలకెత్తుకున్నది లండన్‌లోని ప్రసూతి వైద్యుడు జేమ్స్ బ్లండెల్. కాన్పు తరవాత రక్తస్రావంతో తల్లులు కళ్ళముందే చనిపోతుంటే చేతులు కట్టుకుని చూడవలసి రావడం ఆయన్ని ఈ పనికి పురికొల్పింది. ఒక జాతి జంతువు రక్తం మరో జాతికి ప్రాణాంతకమని ప్రయోగాల ద్వారా తేల్చుకుని, మనిషికి మనిషి రక్తమే ఎక్కించాలని నియమం పెట్టుకున్నాడు. 1818లో తొలి ప్రయత్నం విఫలమైంది. 1829లో కాన్పయిన ఒక స్త్రీకి సిరంజితో రక్తం ఎక్కించి బతికించిన వృత్తాంతం లాన్సెట్ పత్రికలో వచ్చింది. ఆయన రక్తం ఎక్కించిన పదిమంది రోగుల్లో సుమారు సగం మందే బతికారు. సిరంజిలో రక్తం గడ్డకట్టేది. ఒకరి రక్తం ఒకరికి పడి, మరొకరికి ఎందుకు పడదో అంతుపట్టేది కాదు. 1850ల్లో, మళ్ళీ 1870ల్లో ఉత్తర అమెరికా వైద్యులు కొందరు విసిగిపోయి రక్తానికి బదులు పాలు సిరల్లోకి ఎక్కించారు. ఎంత దిక్కుతోచని స్థితిలో ఉన్నారో దాన్నిబట్టే తెలుస్తుంది.

ఈలోగా సూక్ష్మదర్శిని పట్టుకున్నవాళ్ళు వేరే దారిలో రక్తాన్ని విడదీస్తున్నారు. మనిషి ఎర్ర కణాన్ని 1674లో వర్ణించినవాడు లేవెన్‌హుక్, డచ్ బట్టల వ్యాపారి. ఆ తరవాతి శతాబ్దంలో లండన్ శరీరశాస్త్రజ్ఞుడు విలియం హ్యూసన్ గడ్డకట్టే పదార్థం ఎర్ర కణాల్లో లేదనీ, అవి తేలే ద్రవంలో ఉందనీ నిరూపించాడు. నేడు ఆ ద్రవం పేరు ప్లాస్మా, ఆ పదార్థం ఫైబ్రినోజన్. 1852లో జర్మనీలో కార్ల్ ఫీరోర్ట్ ఎర్ర కణాలను ఓపిగ్గా లెక్కపెట్టి, ఒక్క ఘన మిల్లీమీటరులో సుమారు 50 లక్షలు ఉన్నాయని తేల్చాడు. ఇప్పటి యంత్రాలు చెప్పేదీ దాదాపు అంతే. 1864లో హోప్పె-సైలర్ ఎర్ర కణాల్లోని రంగు పదార్థానికి హీమోగ్లోబిన్ అని పేరు పెట్టాడు. ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్‌ను పట్టుకుని కణజాలంలో వదిలేది ఇదే. ఒక్కో అణువు నాలుగు ఆక్సిజన్ అణువులను మోస్తుంది.

తెల్ల కణాలు అన్నీ ఒకటి కావన్న సంగతి 1870ల చివర పాల్ ఎర్లిక్ రంగులద్దకాలతో బయటపడింది. వాటి పనేమిటన్నది 1882లో ఇటలీ తీరాన మెసీనాలో మెచ్నికోవ్ చూశాడు. నక్షత్రచేప పిల్ల ఒంట్లో ముల్లు గుచ్చితే, తిరుగాడే కణాలు దాని చుట్టూ మూగాయి. మనిషి రక్తంలోని కొన్ని తెల్ల కణాలు సూక్ష్మజీవులను అలాగే చుట్టుముట్టి మింగుతాయి. అదే ఏడాది ట్యూరిన్‌లో జూలియో బిజ్జొజేరో, అప్పటిదాకా చాలామంది చెత్తగా భావించిన సూక్ష్మమైన పలకల వంటి రేణువులు గాయమైన చోట ముందుగా అతుక్కుంటాయని చూపాడు. అవే ప్లేట్‌లెట్లు. రక్తనాళానికి చిల్లు పడితే మొదట మూసేది అవి. ఆ తరవాత ప్లాస్మాలోని ఫైబ్రినోజన్ ఫైబ్రిన్ పోగులుగా మారి గడ్డను బిగిస్తుంది.

అలా 19వ శతాబ్దం ముగిసేనాటికి రక్తపు రూపురేఖలు తెలిశాయి. పెద్దవారి ఒంట్లో సుమారు 5 లీటర్ల రక్తం ఉంటుంది. అందులో 55 శాతం ప్లాస్మా. ప్లాస్మాలో పది పాళ్ళకు తొమ్మిది పాళ్ళు నీరే అయినా నీటిని నాళాల్లో నిలిపి ఉంచే అల్బుమిన్, ప్రతిరక్షకాలైన గ్లోబ్యులిన్లు, గడ్డకట్టించే ప్రోటీన్లు, ఉప్పులు, చక్కెర, హార్మోన్లు అందులోనే ప్రయాణిస్తాయి. మిగతా భాగంలో దాదాపు అంతా ఎర్ర కణాలదే. ఇవి ఎముక మజ్జలో పుట్టి, కేంద్రకాన్ని వదిలేసుకుని, సుమారు 120 రోజులు బతుకుతాయి. ప్లేట్‌లెట్ల ఆయుష్షు వారం నుంచి పది రోజులు. ఈ ఆయుష్షుల తేడా తరవాతి కాలంలో నిల్వ విషయంలో పెద్ద సమస్య అయింది.

బ్లండెల్‌ను వేధించిన ప్రశ్నకు జవాబు వియన్నాలో దొరికింది. కార్ల్ లాండ్‌స్టైనర్ తన రక్తాన్నీ తోటి ఉద్యోగుల రక్తాన్నీ తీసుకుని, ఒకరి సీరంలో మరొకరి ఎర్ర కణాలు కలిపి చూశాడు. కొన్ని జతల్లో కణాలు ముద్దకట్టాయి, కొన్నింట్లో కట్టలేదు. 1901లో ఆయన మూడు గ్రూపులు ప్రకటించాడు. నాలుగోదైన ఏబీ మరుసటి ఏడు బయటపడింది. ఇంత సులువైన పరీక్ష అంతకుముందు ఎవరికీ తట్టకపోవడం ఆశ్చర్యమే. ఎక్కించే ముందు దాత రక్తాన్ని రోగి రక్తంతో కలిపి చూసే అలవాటును 1907లో న్యూయార్క్‌లో రూబెన్ ఒట్టెన్‌బర్గ్ మొదలుపెట్టాడు. మొదటి ప్రపంచయుద్ధకాలంలో సలోనికా వద్ద లుడ్విక్, హాంకా హిర్ష్‌ఫెల్డ్ దంపతులు పలుదేశాల సైనికుల రక్తం పరీక్షించి, గ్రూపుల నిష్పత్తి జాతికీ దేశానికీ తగ్గట్టు మారుతుందని 1919లో ప్రకటించారు. పడమటి యూరప్‌వారిలో ‘ఏ’ ఎక్కువైతే, వారు పరీక్షించిన భారతీయ సైనికుల్లో ‘బి’ ఎక్కువ. ఇవాళ్టికీ మన దేశంలో ‘ఓ’, ‘బి’ గ్రూపులవారే ఎక్కువ.

గ్రూపు తెలిసినా గడ్డకట్టడం ఆగలేదు. 1908లో న్యూయార్క్‌లో అలెక్సిస్ కారెల్, రక్తస్రావంతో పాలిపోతున్న కొన్ని రోజుల పసిపాప కాలి సిరకు తండ్రి చేతి ధమనిని కుట్టి నేరుగా రక్తం పారించాడు. బిడ్డ బతికింది. రక్తనాళాలను అంత నేర్పుగా కుట్టగలిగినవాళ్ళు లోకంలో వేళ్ళమీద లెక్కించేంతమంది కూడా లేరు. పైగా అలా చేసిన ప్రతిసారీ దాత ధమని ఒకటి పాడయ్యేది.

పరిష్కారం చాలా చౌకగా దొరికింది. రక్తం గడ్డకట్టాలంటే కాల్షియం ఉండాలి. సోడియం సిట్రేట్ కలిపితే అది కాల్షియాన్ని పట్టేసుకుంటుంది. 1914లో బ్రస్సెల్స్‌లో ఆల్బర్ట్ హుస్టిన్, బ్యూనస్ ఎయిరిస్‌లో లూయిస్ అగోటే వేర్వేరుగా సిట్రేట్ కలిపిన రక్తాన్ని మనుషులకు ఎక్కించారు. ఎంత కలిపితే మనిషికి హాని ఉండదో న్యూయార్క్‌లో రిచర్డ్ లూయిసన్ 1915లో కొలిచి చెప్పాడు: 0.2 శాతం. మరుసటి ఏడాది రౌస్, టర్నర్ అనే ఇద్దరు సిట్రేట్‌కు గ్లూకోజ్ చేర్చి ఎర్ర కణాలను కొన్ని వారాలు నిల్వ ఉంచగలిగారు. కణాలు సీసాలో కూడా బతికే ఉంటాయి, వాటికీ తిండి కావాలి అన్నది ఆ ప్రయోగం నేర్పిన సంగతి. 1917లో అమెరికన్ సైనిక వైద్యుడు ఆస్వాల్డ్ రాబర్ట్‌సన్ ఫ్రాన్స్‌లో యుద్ధరంగానికి వెళ్ళి, పోరాటం మొదలుకాకముందే ‘ఓ’ గ్రూపు దాతల రక్తం సేకరించి, మంచుతో నింపిన పెట్టెల్లో దాచి, కాంబ్రే యుద్ధంలో గాయపడ్డవారికి ఎక్కించాడు. రోగి ఎవరో తెలియకముందే దాత ఇచ్చిపోయిన రక్తం అది. చరిత్రలో అసలు మలుపు ఇక్కడే.

యుద్ధం ముగిశాక నిల్వ సంగతి కొంతకాలం మరుగున పడింది. 1921లో లండన్ శివారు కాంబర్‌వెల్‌లో రెడ్‌క్రాస్ శాఖ కార్యదర్శి పెర్సీ ఆలివర్‌కు, అర్జెంటుగా రక్తం కావాలని ఒక ఆసుపత్రి నుంచి కబురొచ్చింది. ఆయనా మరికొందరూ వెళ్ళారు. ఆ తరవాత ఆలివర్ తన ఇంటినుంచే దాతల జాబితా నడిపాడు. గ్రూపు ముందే చూసిపెట్టుకోవడం, ఫోను రాగానే మనిషిని ఆసుపత్రికి పంపడం, ఎవరికీ పైసా ఇవ్వకపోవడం ఆ జాబితా నియమాలు. అమెరికాలో అదే కాలంలో రక్తానికి డబ్బు చెల్లించడం మామూలైంది. అప్పుడే విడిపోయిన ఈ రెండు దారుల మధ్య తగువు శతాబ్దమంతా నడిచింది.

స్పెయిన్ అంతర్యుద్ధంలో ఫ్రెడెరిక్ దురాన్ జోర్దా 1936లో బార్సిలోనాలో నగరవాసుల నుంచి రక్తం సేకరించి, సీసాల్లో మూసి, చల్లబరిచే వాహనాల్లో యుద్ధరంగానికి పంపించాడు. 1937లో షికాగోలోని కుక్ కౌంటీ ఆసుపత్రిలో బెర్నార్డ్ ఫాంటస్ బ్లడ్ బ్యాంకు తెరిచాడు. అక్కడ తీసుకున్నంత రక్తం తిరిగి జమ చేయాలి. రోగి బంధువులు బదులు రక్తం ఇవ్వాలన్న పద్ధతికి ఆ జమాఖర్చులోనే పునాది పడింది. రెండో ప్రపంచయుద్ధంలో హార్వర్డ్‌లో ఎడ్విన్ కోన్ ప్లాస్మాను ఆల్కహాల్‌తో విడదీసి అల్బుమిన్, గామా గ్లోబ్యులిన్, ఫైబ్రినోజన్ వేరుచేశాడు. ఎండబెట్టిన ప్లాస్మాను పొడిగా యుద్ధరంగానికి పంపి, అక్కడ నీళ్ళు కలిపి ఎక్కించేవారు. బ్రిటన్‌కు ప్లాస్మా పంపే పనిని 1940లో న్యూయార్క్‌లో నడిపించినవాడు నల్లజాతి శస్త్రవైద్యుడు చార్ల్స్ డ్రూ. ఆయన దేశంలోనే రెడ్‌క్రాస్ మొదట నల్లవారి రక్తం నిరాకరించింది, తరవాత విడిగా చీటీ కట్టి ఉంచింది. రక్తానికి గ్రూపు ఉంటుంది తప్ప రంగు ఉండదని డ్రూ గట్టిగా చెప్పాడు. ఆ వేరుచూపు 1950 దాకా సాగింది. సైన్సు తెలిసిన దేశం సైన్సు తోసిపుచ్చిన మాటకు అంతకాలం కట్టుబడటం సిగ్గుపడవలసిన విషయం.

భారతదేశంలో తొలి బ్లడ్ బ్యాంకు యుద్ధకాలంలోనే, 1942లో కలకత్తాలోని అఖిల భారత పరిశుభ్రత, ప్రజారోగ్య సంస్థలో వెలిసింది. సైనికుల కోసం రక్తం ఇచ్చిన ఉత్సాహం యుద్ధంతోపాటే చల్లారింది. ఆసుపత్రులు పెరిగాయి, ఆపరేషన్లు పెరిగాయి, దాతలు పెరగలేదు. ఆ ఖాళీలోకి రక్తం అమ్ముకునేవాళ్ళు వచ్చారు. రక్తం ఇస్తే నీరసపడిపోతామన్న భయం చదువుకున్నవారిలోనూ ఉండేది. ఆ భయాన్ని పోగొట్టే పని బొంబాయిలో లీలా మూల్గావ్‌కర్ 1950ల్లో చేపట్టి శిబిరాలు నడిపారు. బొంబాయిలోనే 1952లో వై.ఎం. భెండే బృందం లాండ్‌స్టైనర్ గ్రూపుల్లో ఇమడని రక్తాన్ని కనిపెట్టింది. మామూలు పరీక్షలో ‘ఓ’లా కనిపించినా, ‘ఓ’ రక్తం కూడా దానికి పడదు. దాన్ని బాంబే గ్రూపు అంటారు. అలాంటివారికి అదే గ్రూపువారు ఇస్తే తప్ప గతి లేదు.

కొరత అన్నిసార్లూ మరొకరి రక్తంతోనే తీరదన్న సంగతి కూడా బొంబాయి నుంచే బయలుదేరింది. 1928 నుంచి లూసీ విల్స్ అనే ఇంగ్లిషు వైద్యురాలు అక్కడి మిల్లు కార్మిక కుటుంబాల గర్భిణుల్లో కనిపించే తీవ్ర రక్తహీనతను పరిశోధించింది. చౌకగా దొరికే ఈస్టు సారం తినిపిస్తే అది తగ్గింది. అందులో పనిచేసిన పదార్థం ఫోలిక్ ఆమ్లం. దాన్ని 1945లో న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలలో కృత్రిమంగా తయారుచేసిన బృందానికి నాయకుడు భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. ఒంట్లో ఫోలిక్ ఆమ్లం లోపిస్తే మజ్జలో కణాలు సరిగా విభజన చెందవు. ఎర్ర కణాలు పెద్దవిగా, పరిణతి లేకుండా, తక్కువగా పుడతాయి. స్ప్రూ అనే పేగుల జబ్బుతో సొంత తోబుట్టువును పోగొట్టుకున్న మనిషి, ఆ జబ్బులోని రక్తహీనతకు మందు దొరకబుచ్చుకున్నాడు. ఫోలిక్ ఆమ్లాన్ని ఎదిరించే అమినోప్టెరిన్ కూడా ఆ ప్రయోగశాలదే. 1948లో బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ దానితో పిల్లల్లో వచ్చే రక్తపు క్యాన్సర్‌ను తాత్కాలికంగా అణచగలిగాడు.

గాజు సీసా స్థానంలో ప్లాస్టిక్ సంచిని 1950లో అమెరికాలో కార్ల్ వాల్టర్ ప్రవేశపెట్టాడు. సీసాలా పగలదన్న లాభం చిన్నది. అసలు లాభం వేరు. గొట్టాలతో కలిపిన రెండు మూడు సంచుల్లో రక్తాన్ని గాలి తగలకుండా విడదీయవచ్చు. సంచిని వేగంగా తిప్పితే బరువైన ఎర్ర కణాలు అడుగుకు చేరతాయి, పైన లేత పసుపు ప్లాస్మా తేలుతుంది, మధ్య పల్చటి పొరలో తెల్ల కణాలు, ప్లేట్‌లెట్లు నిలుస్తాయి. ఒక్కో భాగానికి ఒక్కో నిల్వ పద్ధతి. ఎర్ర కణాలను 2 నుంచి 6 డిగ్రీల చలిలో, ఇప్పుడు వాడే ద్రావణాలను బట్టి 35 నుంచి 42 రోజులు ఉంచవచ్చు. ప్లాస్మాను మంచులా ఘనీభవింపజేసి ఏడాదిదాకా ఉంచవచ్చు. ప్లేట్‌లెట్లకు చలి పడదు. 20 నుంచి 24 డిగ్రీల వద్ద, ఆగకుండా ఊపుతూ ఉంచినా అవి సుమారు అయిదు రోజులే పనికొస్తాయి. 1964లో స్టాన్‌ఫర్డ్‌లో జుడిత్ పూల్, అలా ఘనీభవించిన ప్లాస్మాను నెమ్మదిగా కరిగిస్తే అడుగున మిగిలే పదార్థంలో, రక్తం సరిగా గడ్డకట్టని హీమోఫిలియా రోగులకు కావలసిన ఎనిమిదో కారకం ఉందని కనిపెట్టింది. అంతకుముందు మోకాలి కీలులో రక్తం ఊరి నెలల తరబడి మంచాన పడే పిల్లలకు అది కొత్త బతుకు.

వేలమంది ప్లాస్మాను ఒకచోట కలిపి మందు తయారుచేసే పరిశ్రమ దాని వెంటే పుట్టింది. అమ్ముకున్న రక్తం ప్రమాదకరమని రిచర్డ్ టిట్మస్ 1970లో తన పుస్తకంలో వాదించాడు. డబ్బు కోసం ఇచ్చేవాడికి జబ్బు దాచుకోవలసిన అవసరం ఉంటుంది, ఊరికే ఇచ్చేవాడికి ఉండదు. 1980ల్లో ఆ వాదన ఘోరంగా రుజువైంది. కలిపిన ప్లాస్మాతో చేసిన మందుల ద్వారా పలు దేశాల్లో హీమోఫిలియా రోగులకు కామెర్ల వైరస్, హెచ్ఐవీ సోకాయి.

మన దేశంలో సేకరించిన రక్తానికి హెచ్ఐవీ పరీక్ష 1989లో తప్పనిసరి అయింది. అమ్మకం మాత్రం సాగుతూనే వచ్చింది. పూట గడవక పదేపదే రక్తం ఇచ్చేవాడి హీమోగ్లోబిన్ పడిపోతుంది. అలాంటి రక్తం రోగికి ఎక్కువ మేలు చేయదు, ఇచ్చినవాడిని మాత్రం కూలదోస్తుంది. ‘కామన్ కాజ్’ సంస్థ వేసిన వ్యాజ్యంపై సుప్రీంకోర్టు 1996 జనవరి 4న తీర్పు చెప్పింది. జాతీయ రక్త సంచయన మండలి ఏర్పాటు చేయాలనీ, లైసెన్సు లేని బ్లడ్ బ్యాంకులు మూయాలనీ, రెండేళ్ళలో రక్తం అమ్మకం ఆగాలనీ ఆదేశించింది. 1998 జనవరి 1 నుంచి నిషేధం అమల్లోకి వచ్చింది.

అదే ఏడాది అక్టోబరు 2న హైదరాబాదులో నటుడు చిరంజీవి పేరిట సేవాసంస్థ మొదలై బ్లడ్ బ్యాంకు నడిపింది. తెలుగునాట అభిమాన సంఘాలకు అప్పటికే ఊరూరా ఉన్న అల్లిక రక్తదాన శిబిరాలకు అక్కరకొచ్చింది. పుట్టినరోజుకు రక్తం ఇవ్వడం ఆ తరం కుర్రవాళ్ళకు అలవాటుగా మారింది. ఆ ఏడాదే హైదరాబాదులో తలసీమియా, సికిల్‌సెల్ రోగుల కోసం ఒక సొసైటీ ఏర్పడింది. తలసీమియా పిల్లలకు హీమోగ్లోబిన్ సరిగా తయారుకాదు, రెండు నుంచి నాలుగు వారాలకోసారి ఎర్ర కణాలు ఎక్కించాలి. ఒక కుటుంబంలో బంధువులు ఎంతమంది ఉన్నా ఆ అవసరానికి చాలరు. ముఖం తెలియని దాతలు లేకపోతే ఆ పిల్లలు పెద్దవారు కాలేరు.

ఇప్పుడు 18 నుంచి 65 ఏళ్ళ లోపు, 45 కిలోలకు తగ్గని, హీమోగ్లోబిన్ కనీసం 12.5 ఉన్నవారు రక్తం ఇవ్వవచ్చు. ఒకసారికి 350 లేదా 450 మిల్లీలీటర్లు తీస్తారు. పోయిన ప్లాస్మా ఒకటి రెండు రోజుల్లో తిరిగి చేరుతుంది, ఎర్ర కణాలు నిండడానికి వారాలు పడుతుంది. అందుకే మగవారికి 90 రోజులు, ఆడవారికి 120 రోజులు విరామం పెట్టారు. ఒక్క సంచిలోని ఎర్ర కణాలు కాన్పులో రక్తం పోయిన తల్లికీ, ప్లేట్‌లెట్లు క్యాన్సర్ మందులు వాడే రోగికీ, ప్లాస్మా ఒళ్ళు కాలినవారికో కాలేయం దెబ్బతిన్నవారికో వెళ్ళవచ్చు. 2002 నాటి జాతీయ రక్త విధానం బదులు రక్తం అడిగే పద్ధతిని క్రమంగా తొలగించి, స్వచ్ఛంద దాతల మీదే వ్యవస్థను నిలపాలని లక్ష్యంగా పెట్టుకుంది. ఆసుపత్రి వరండాల్లో మాత్రం రోగి బంధువులు గ్రూపు కలిసే మనిషి కోసం ఫోన్లు చేస్తూ తిరగడం ఇప్పటికీ పూర్తిగా పోలేదు.